దేవకృపమ్మ రాసిన చీటీ

నేను మారేడ్‌పల్లిలోని ఆ బడిలో టీచరుగా చేరేనాటికి దేవకృపమ్మకు యాభై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి. హాజరు పుస్తకంలో ఆమె ఉద్యోగం ఆయా అని రాసి ఉండేది. పిల్లలు మాత్రం నర్సమ్మ అనేవాళ్ళు. మోకాళ్ళు చెక్కుకుపోయినవాళ్ళకు మందు పూయడం, జ్వరం వచ్చినవాళ్ళను ఇంటిదాకా దిగబెట్టడం, మొదటి తరగతిలో చేరబోయే పిల్లల పళ్ళు చూడడం ఆమె పనులు. పళ్ళు చూసే పద్ధతి ఒక్కటి నాకు వింతగా తోచేది. పిల్లను, తల్లిని లోపలి గదిలోకి పిలిచి, తలుపు దగ్గరగా వేసి, కిటికీ వెలుతుర్లో చూసేది. తల్లితో ఏం చెప్పినా గొంతు తగ్గించి చెప్పేది. వరండాలో వెలుతురు ఇంకా బాగుంటుంది కదా, అక్కడే కూర్చోరాదా అని ఒకసారి అడిగాను. ఆమె లోపలి గదిలోకి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బడి వదిలాక నేను రిజిస్టర్లు సర్దుకుంటుంటే వచ్చి ఎదురుగా పిల్లల బెంచీ మీద కూర్చుంది.

"సుమిత్రమ్మా, వరండల ఎందుకు కూసోవని అడిగినవు కద. చెప్పుకోవాలంటె సిగ్గయితది. అయినా చెప్త," అంది.

ఆమె చెప్పింది ఒక్క రోజుతో అయిపోలేదు. మధ్యలో లేచిపోయేది. రెండు మూడు రోజుల తర్వాత తనే వచ్చి, ఆపిన దగ్గర్నించి మళ్ళీ మొదలుపెట్టేది. ఆమె నోట విన్నదీ, తర్వాత నేను కళ్ళారా చూసిందీ కలిపి రాస్తున్నాను.

దేవకృపమ్మది మెదక్ దగ్గర ఒక పల్లె. చిన్నప్పుడే తల్లి పోతే మిషన్ వాళ్ళ బోర్డింగులో పెరిగింది. నోవహు అనే వంటాయనతో పెళ్ళి చేసి పంపారు. ఆయన తిరుమలగిరిలో తెల్ల ఆఫీసర్ల మెస్సులో వంట చేసేవాడు. పిల్లలు కలగలేదు. పెళ్ళయిన పదో ఏట విషజ్వరంతో నోవహు పోయాడు. ఒంటరిదయిందని ఎవరో జాలిపడి ఆమెకు అక్కడే పల్టన్ పళ్ళ డాక్టరు గదిలో పని ఇప్పించారు. గది ఊడవడం, సామాను వేడినీళ్ళలో ఉడకబెట్టడం, సిపాయిలు నోరు పుక్కిలించడానికి నీళ్ళు అందించడం. ఏడేళ్ళు చూసి చూసి ఆమెకు నోట్లో ఏ పన్ను ఏ స్థితిలో ఉందో చెప్పగలిగే చూపు వచ్చింది. తెల్లవాళ్ళు వెళ్ళిపోయినప్పుడు ఆ డాక్టరు తన దగ్గరున్న పొడవు కాడ చిన్న అద్దం ఒకటి ఆమె చేతిలో పెట్టి పోయాడు.

ఆ అద్దం వల్లే ఆమెకు బడిలో పని దొరికింది. బడి హెడ్‌మిస్ట్రెస్ ఆలిస్ మేడమ్. పెళ్ళి చేసుకోకుండా ఆ బడికే అంకితమైన మనిషి. అంతకు ముందు ఏడాది మొదటి తరగతిలో ఒక పిల్లకు దవడ వాచింది. ఇంట్లోవాళ్ళు పసుపు పట్టువేసి ఊరుకున్నారు. నాలుగో రోజుకు కన్ను కూడా మూసుకుపోయి, ఒళ్ళు కాలిపోతుంటే ఆసుపత్రిలో చేర్చారు. పిల్ల బతికింది కానీ రెండు నెలలు బడికి రాలేదు. పుచ్చిన పాలపన్నే దానికంతకీ మూలమని తెలిశాక ఆలిస్ మేడమ్ ఒక నియమం పెట్టింది. బడిలో చేరే ప్రతి చిన్న బిడ్డ ముందు పళ్ళు చూపించుకోవాలి. దేవకృపమ్మ చూసి చీటీ రాస్తుంది. పాడైన పళ్ళుంటే 'డాక్టరుకు చూపాలి' అని రాస్తే చాలు. నెలకొక శనివారం డాక్టర్ తుకారాం అనే ఆయన వచ్చి ఉచితంగా వైద్యం చేసి పోతాడు.

నియమం మంచిదే. దేవకృపమ్మ చివరిదాకా ఆ మాటే అనేది. "తప్పు రూలుది కాదమ్మా, నాది" అనేది.

అప్పటిదాకా ఊడ్చే మనిషిగా ఉన్నామె ఒక్కసారిగా తెల్లచీర కట్టుకుని, అద్దం పట్టుకుని, వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. ఆఫీసర్ల భార్యలు కూడా పిల్లల్ని తీసుకుని ఆమె ముందు వరసలో నిలబడ్డారు. ఆమె 'నోరు తెరువు' అంటే తెరిచారు. ఆ గౌరవం తన తలకెక్కిందని ఆమే నాతో చెప్పింది.

1952 జూన్. ఎన్నికలయి హైదరాబాద్ రాష్ట్రంలో కొత్త ప్రభుత్వం వచ్చి మూడు నెలలు. బడిలో చేర్చుకునే రోజున వరండాలో పాతికమంది దాకా తల్లులు నిలబడ్డారు. ముందు వరసలో శ్యామలమ్మ అని ఒక రైల్వే ఆఫీసరు భార్య, కొడుకుని తీసుకుని వచ్చింది. ఆ పిల్లవాడు ఎప్పుడూ చాక్లెట్లు చప్పరిస్తూ ఉండేవాడట. పైపళ్ళు నాలుగూ గోధుమరంగు తిరిగి, అంచులు తినేసి ఉన్నాయి. దేవకృపమ్మ లేచి నిలబడి, ఆమె చెవి దగ్గరికి వంగి, డాక్టరు గారికి చూపిస్తే సర్దుకుంటుందమ్మా అని మెల్లగా చెప్పింది. చీటీ మీద ఏం రాయాలో అదే రాసింది.

ఇంకో నలుగురి తర్వాత ఒక ముస్లిమామె వచ్చింది. నల్ల బురఖా, ముసుగు వెనక్కి వేసుకుంది. పాతికేళ్ళుంటాయేమో. చేతిలో అయిదేళ్ళు ఇంకా నిండని ఆడపిల్ల. తల్లి పేరు షహర్ బానో, పిల్ల పేరు జాన్ బీ అని రాయించింది. పిల్ల తలకు నూనె రాసి, రెండు జడలు గట్టిగా అల్లి, ఉతికిన గౌను వేసి తెచ్చింది. నోరు తెరవమంటే తెరవలేదు. దేవకృపమ్మ గడ్డం పట్టుకుని బొటనవేలితో పెదవి ఎత్తింది. పైన ముందరి నాలుగు పళ్ళూ చిగుళ్ళదాకా అరిగిపోయి నల్లటి మొద్దుల్లా ఉన్నాయి. వెనక దవడపళ్ళు రెండు గుంతలు పడ్డాయి.

అంతకుముందు చూసిన శ్యామలమ్మ కొడుకు పళ్ళు కూడా ఇట్లా పుచ్చినవే. అయినా ఈసారి ఆమె వంగి చెవిలో చెప్పలేదు. పిల్ల గడ్డం వదలకుండానే ముఖం వరస వైపు తిప్పింది.

"అందరు జెర ఇటు చూడుండ్రి. పిల్లల్ని కన్నంక పట్టించుకోకపోతె నోరు గిట్లయితది. ఇంట్ల తిండి లేకున్నా మిఠాయికి మాత్రం తక్కువుండదు గీళ్ళకు."

కొందరు తొంగిచూశారు. ఎవరో 'అయ్యో' అన్నారు. ఒకామె తన పిల్ల నోటిని కొంగుతో తుడిచింది. జాన్ బీ కళ్ళు పెద్దవి చేసుకుని ఆ ముఖాలన్నిటినీ చూసింది. ఏడవలేదు. దేవకృపమ్మ చేయి తీయగానే పెదవులు రెండూ లోపలికి మడుచుకుంది.

షహర్ బానో పిల్లను దగ్గరికి తీసుకుంది. సీటు దొరుకుతుందా అని మాత్రం అడిగింది. దేవకృపమ్మ చీటీ తీసి, 'డాక్టరుకు చూపాలి' అని రాయాల్సిన చోట, 'పళ్ళు పాడు, శుభ్రత లేదు, తల్లికి పట్టింపు లేదు' అని రాసింది. షహర్ బానోకు చదువు రాదు. అది సీటు కోసం రాసిన కాగితమనుకుని, నలగకుండా రెండు చేతులతో పట్టుకుని ఆలిస్ మేడమ్ గదిలోకి వెళ్ళి ఇచ్చింది. మేడమ్ చదివి, ఈ ఏడాది ఖాళీలు లేవమ్మా అని చెప్పి, ఆ సీటు వెనకనున్న పిల్లకు ఇచ్చింది.

చెబుతూ ఈ చోటికి వచ్చాక దేవకృపమ్మ నాకు ముఖం చూపించలేక కిటికీ వైపు తిరిగి కూర్చుంది. తనకు వ్యతిరేకంగా రాసిన కాగితాన్ని ఆ తల్లి అంత జాగ్రత్తగా మోసుకుపోవడం తను అప్పుడు చూసిందట. చూసి, లోలోపల నవ్వుకుందట.

నెల దాటింది. జూలై చివర్లో లోపలి గదికి తెరలు కుట్టించమని మేడమ్ గుడ్డ ఇచ్చి పంపింది. తిరుమలగిరి బజారులో జాన్ సాహెబ్ అనే దర్జీ పల్టన్ వాళ్ళ బట్టలు బాగా కుడతాడని దేవకృపమ్మకు పాత ఎరుక. వెళ్ళేసరికి ఆయన మిషన్ మీద ఉన్నాడు. పక్కన చాప మీద ఒకామె ఖాకీ చొక్కాలకు కాజాలు కుడుతోంది. షహర్ బానో. ఆమె అన్న దుకాణమే అది. ఆమె పక్కన కూర్చుని గుండీలు ఏరుతున్న పిల్ల తలెత్తి దేవకృపమ్మను చూసింది. పెదవులు లోపలికి మడుచుకుని, పాకుతూ పోయి మిషన్ బల్ల కింద దూరింది.

జాన్ సాహెబుకు ఈమె ఎవరో తెలియదు. స్టూలు తుడిచి వేశాడు. మేనకోడలు కొత్తవాళ్ళను చూస్తే దాక్కుంటోందని, నెల రోజులుగా నోట మాటే లేదని, ఏదన్నా కావాలంటే చేత్తో చూపిస్తోందని, బడిలో ఏదో అన్నారట అని తనే చెప్పుకుపోయాడు. దేవకృపమ్మ స్టూలు అంచున కూర్చుంది. అప్పటికీ, అలవాటు పడ్డ పెద్దరికం పూర్తిగా పోలేదు. పిల్లను పళ్ళ డాక్టరుకు చూపించావా అని షహర్ బానోను అడిగింది.

షహర్ బానో సూది బట్టలో గుచ్చి పక్కన పెట్టింది. గొంతు పెంచలేదు.

"అడిగిన్రు కాబట్టి చెప్తున్న నర్సమ్మా. మాది జహీరాబాద్ దిక్కు. దూదేకులోళ్ళం. యూనియన్ ఫౌజు వచ్చినంక ఊర్ల గడబిడ షురూ అయింది. దీనికి అప్పటికి ఏడాది సుత నిండలె. బ్రహ్మచారి అని పేరున్న వడ్లాయన, కట్టెపని చేసెటోడు, మమ్ముల తన ఇంటి అటక మీద దాచిండు. పద్నాలుగు మందిమి. పదకొండు దినాలు. కింద మనుషులు తిరుగుతుండ్రి. ఇది ఏడిస్తె అందరం పోతం. నాకు పాలు ఎండిపోయినయి. వడ్లాయన పెండ్లాం బెల్లం ఇచ్చింది. బట్టల ముడిగట్టి దీని నోట్ల పెట్టిన. కరిగిపోతె ఇంకోటి పెట్టిన. మూడో దినం దీని నాయిన, మౌలా అలీ, నీళ్ళ కోసం దిగిండు. మళ్ళ ఎక్కలె."

జాన్ సాహెబ్ మిషన్ ఆపేశాడు.

తిరుమలగిరికి అన్న దగ్గరికి వచ్చాక కూడా పిల్ల బెల్లం ముడి లేనిదే పడుకునేది కాదని, పిల్ల ఏడుపు వినబడితే తనకు ఒళ్ళంతా చల్లబడి, చేతులు వాటంతట అవే బెల్లం కోసం పోయేవని, రెండేళ్ళు అట్లాగే గడిచిందని చెప్పింది.

"పళ్ళు పాడయితయని నాకు తెల్సు. పళ్ళు పోయినా పానం ఉంటది కద అనుకున్న," అంది.

దేవకృపమ్మ గుడ్డ మూట ఒళ్ళోకి లాక్కుంది. ఏం గుర్తొచ్చిందో తర్వాత నాకు చెప్పింది. 1948 సెప్టెంబరులో ఇండియన్ యూనియన్ సైన్యం తిరుమలగిరి మీదుగా వచ్చినప్పుడు, తను కూడా అందరితో పాటు రోడ్డు పక్కన నిలబడింది. చేతిలో బంతిపూలున్నాయి. రజాకార్ల భయం పోయిందని చుట్టుపక్కల వాళ్ళందరూ చప్పట్లు కొడుతుంటే తనూ కొట్టింది. సంతోషపడ్డందుకు సిగ్గు లేదు, ఆ భయం నిజమైనదే, అంది. కానీ అవే రోజుల్లో ఇంకొకచోట ఇంకో భయంతో ఒక తల్లి పిల్ల నోరు మూయడానికి బెల్లం ముడులు కడుతోందన్న సంగతి ఈ నాలుగేళ్ళలో తనకు ఒక్కసారి కూడా తట్టలేదు. బురఖా వేసుకున్నామె నిలబడగానే 'గీళ్ళు' అన్న మాట మాత్రం నోట్లో సిద్ధంగా ఉంది.

షహర్ బానో కడవ తీసుకుని పక్క గల్లీలో కొళాయి దగ్గరికి వెళ్ళింది. దేవకృపమ్మ వెనకే వెళ్ళింది. గల్లీలో ఎవరూ లేరు. తప్పయిపోయింది, మాఫ్ చెయ్యమ్మా అంది. షహర్ బానో కడవ నింపుకుంది. నిండాక నడుముకెత్తుకుని అంది.

"అందరి ముందర అన్నరు. మాఫీ గల్లీల అడుగుతున్నరు."

కడవతో వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే దేవకృపమ్మ ఆలిస్ మేడమ్ గదిలోకి వెళ్ళి, నిలబడే జరిగిందంతా చెప్పింది. చీటీలో తను రాసినదానికి, రాయాల్సినదానికి తేడా కూడా చెప్పింది. తనను పనిలోంచి తీసేసినా సరే, ఆ పిల్లకు సీటు ఇవ్వమంది. మేడమ్ టేబుల్ మీది కాగితాలు సర్దింది. నేను చీటీ చదివానే కానీ పిల్ల ముఖం చూడలేదు దేవకృపా అంది. సీటు ఇంకో పిల్లకు ఇచ్చేశాం, నెల నుంచి చదువుకుంటున్న ఆ పిల్లను ఇప్పుడు లేపి పంపలేం, వచ్చే ఏడాదే అంది. ఒక ఏడాది ఆ పిల్లకు అట్లా పోయింది. దాన్ని ఎవరూ తెచ్చి ఇవ్వలేకపోయారు.

డాక్టరు వచ్చే శనివారం తల్లులందరి ముందూ తన తప్పు చెప్పుకుంటానని దేవకృపమ్మ అడిగితే మేడమ్ ఒప్పుకోలేదు. పళ్ళు చూపించడానికే ఇష్టపడని తల్లులున్నారు, చూసే మనిషే తప్పు చేశానంటే నియమానికి విలువ పోతుందని ఆమె వాదన. అందులో నిజం లేకపోలేదు. దేవకృపమ్మ మాత్రం వినలేదు. దుకాణానికి వెళ్ళి, శనివారం రమ్మని, అందరి ముందరా చెప్తానని షహర్ బానోను పిలిచింది. మళ్ళొకసారి నన్ను వాళ్ళ ముందర నిలబెడ్తరా అని ఆమె అడిగింది. దేవకృపమ్మకు అది కూడా అప్పటిదాకా తోచలేదు. తలవంచుకుని వెనక్కి వచ్చింది.

ఆగస్టు మొదటి శనివారం. లోపల డాక్టర్ తుకారాం ఒక పిల్ల పన్ను చూస్తున్నాడు. వరండాలో ఇరవైమంది దాకా తల్లులు తమ వంతు కోసం కూర్చున్నారు. దేవకృపమ్మ వాళ్ళ మధ్యకు వచ్చి నిలబడింది. పక్కనున్న స్తంభం పట్టుకుందట.

"జూన్ల ఈడ ఒక పిల్ల నోరు మీ అందరికి చూపించి, దాని తల్లిని తక్కువ చేసి మాట్లాడిన. అది తప్పు. ఆ తల్లి పట్టించుకోక పళ్ళు చెడలె. ఎందుకు చెడినయో మీకు చెప్పే హక్కు నాకు లేదు. అంతకు ముందు ఇంకో పిల్లవాని పళ్ళు సుత గట్లనే ఉండె. ఆ తల్లికి చెవుల చెప్పిన. ఈ తల్లి బురఖ చూసి అందరి ముందర అన్న. నాకు సిగ్గుగున్నది. గిది మీకు చెప్పాల్నని నిలబడ్డ."

అనసూయమ్మ అనే ఆమె, ఆ రోజు వరసలో ఉన్నదే, ఏ పిల్ల అని అడిగింది. ఆమెకు జ్ఞాపకం లేదు. పక్కామెకు లేదు. నాకు గుర్తులేదమ్మా అని ఇంకొకామె అంది. చాలామంది ఆ సంగతి ఆ పూటే మరిచిపోయారు. తను ఏదో పెద్ద కొండ మోసుకొచ్చి దింపితే, అక్కడ దాన్ని చూసినవాళ్ళే లేరని దేవకృపమ్మకు అనిపించింది. అంత చులకనగా మరిచిపోగలిగిన మాటను ఒక చిన్నపిల్ల నెల పైబడి పెదవుల వెనక దాచుకుని తిరుగుతోందని తెలిసి ఆమె సిగ్గు తగ్గకపోగా పెరిగింది.

శ్యామలమ్మకు మాత్రం గుర్తుంది. ఆమె కొడుకు తల మీద చేయి వేసి, నేల చూస్తూ కూర్చుంది. పోయేటప్పుడు దేవకృపమ్మ దగ్గర ఆగి, కొడుకు చేయి పట్టుకుని వెళ్ళిపోయింది.

మేడమ్ కిటికీలోంచి అంతా విన్నది. తర్వాత పిలిచి కోప్పడుతుందనుకుంటే కోప్పడలేదు. చీటీ పద్ధతి మార్చింది. పళ్ళు చూపించుకోవడం తప్పనిసరే, కానీ పళ్ళ వల్ల ఏ బిడ్డకూ సీటు లేదనకూడదు, చేర్చుకున్నాకే వైద్యం, అని పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టింది. పళ్ళు చూసే కుర్చీ లోపలి గదిలోకి మారింది. జాన్ సాహెబ్ కుట్టిన తెరలు ఆ గదికే కట్టారు.

వరండాలో జరిగింది షహర్ బానోకు అనసూయమ్మ వల్ల తెలిసింది. జాకెట్లు కుట్టించుకోవడానికి వెళ్ళి, మా బడిలో ఆయా ఇట్లా నిలబడి చెప్పుకుంది, ఎవరి పిల్లో ఏమో పాపం అని మాటల్లో చెప్పేసింది. ఎదురుగా కాజాలు కుడుతున్నామె ఆ పిల్ల తల్లే అని ఆమెకు తెలియదు. షహర్ బానో చెప్పలేదు.

ఆ ఆదివారం చర్చిలో ప్రార్థన ముగిశాక దేవకృపమ్మ తెరల కోసం దుకాణానికి వెళ్ళింది. షహర్ బానో జాన్ బీ చేయి పట్టుకుని తెచ్చి, దేవకృపమ్మకు కాస్త దూరంగా చాప మీద కూర్చోబెట్టి, తను వంటకు లోపలికి వెళ్ళింది. అంతే. అది మాఫీ కాదని, పిల్లకు వైద్యం కావాలి కాబట్టి తల్లి తన కోపం దిగమింగిందని దేవకృపమ్మకు అర్థమైంది.

పిల్ల పెదవులు విప్పలేదు. దేవకృపమ్మ సంచీలోంచి అద్దం తీసి పిల్ల చేతికిచ్చింది. తను ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, నోరు తెరిచింది.

ఇక్కడొక సంగతి చెప్పాలి. దేవకృపమ్మ పళ్ళు చూసినవాళ్ళు ఎవరూ లేరు. నోవహు పోయిన తర్వాత ఒంటరితనంలో ఆమెకు పొగాకు నమలడం అలవాటయింది. చర్చికి పోయే మనిషి, దాక్కుని నమిలేది. మానేసి ఏళ్ళయినా పళ్ళకు పట్టిన నలుపు పోలేదు. పైన ఒకవైపు దవడపళ్ళు మొత్తం ఊడాయి. ఊరందరి పళ్ళు చూసే ఆమె, పెదవులు పూర్తిగా తెరవకుండా మాట్లాడడం నేర్చుకుంది. ఆ రోజు ఆ పిల్ల ముందు మొదటిసారి నోరంతా తెరిచింది.

జాన్ బీ ముందు దూరం నుంచే చూసింది. తర్వాత మోకాళ్ళ మీద లేచి దగ్గరికొచ్చి, అద్దం లోపల పెట్టి అటూ ఇటూ తిప్పింది. చాలాసేపు చూసింది. దేవకృపమ్మకు దవడ నొప్పి పుట్టింది కానీ మూయలేదు.

"నీవి సుత నల్లగున్నయి," అంది పిల్ల. నలభై రోజుల తర్వాత ఆ పిల్ల ఆడిన మొదటి మాట అది.

"నావి నేనే పాడుచేసుకున్న బిడ్డా. నీవి నువ్వు చెయ్యలె," అంది దేవకృపమ్మ.

గుమ్మంలో షహర్ బానో నిలబడి ఉంది. ఆమె కళ్ళు తుడుచుకుందో లేదో తను చూడలేదని, చూసే ధైర్యం లేకపోయిందని దేవకృపమ్మ నాతో అంది.

ఆ నెలాఖరున పిల్లను డాక్టర్ తుకారాం గదికి తీసుకుపోయారు. ఆయన చూసి, ముందరి మొద్దులు వాటంతట అవే రాలిపోతాయి, కొత్త పళ్ళు కింద ఆరోగ్యంగానే ఉంటాయి, దవడపళ్ళు రెండు మాత్రం చీముపట్టాయి, తీసేయాలి అన్నాడు. తల్లి పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. దేవకృపమ్మ గిన్నె పట్టుకుంది. సూది పొడిచినప్పుడు పిల్ల గట్టిగా అరిచింది. షహర్ బానో చేయి పిల్ల నోటి మీదికి వెళ్ళబోయింది. తనే ఆ చేతిని వెనక్కి తీసుకుని, "ఏడువు బేటీ, ఏడువు, ఏం గాదు," అంది. జాన్ బీ గదంతా మారుమోగేలా ఏడ్చింది. డాక్టరు పని ఆపి ఎదురుచూశాడు. దేవకృపమ్మ ఆ ఏడుపు వింటూ గిన్నె పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

మరుసటి జూన్‌లో జాన్ బీ బడిలో చేరింది. షహర్ బానో రోజూ దిగబెట్టడానికి వచ్చేది కానీ గేటు దాటి లోపలికి వచ్చేది కాదు. దేవకృపమ్మ ఎదురైతే సలాం చేసేది. బాగున్నరా అంటే బాగున్న అనేది. అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా మాట పెరగలేదు. మాఫ్ చేశావా అని దేవకృపమ్మ మళ్ళీ అడగలేదు. అడిగితే కాదనలేక అవుననాల్సి వస్తుందని, అది ఇంకో బలవంతమవుతుందని ఆమె అనేది.

నేను చేరేనాటికి జాన్ బీ ఆరో తరగతి. లెక్కల్లో చురుకు. కొత్త పళ్ళు చక్కగా, వరసగా వచ్చాయి. కానీ నవ్వు వచ్చినప్పుడల్లా ఎడమ చేయి నోటికి అడ్డం పోయేది. నాకు ఇదేమీ తెలియని రోజుల్లో, క్లాసులో ఒకసారి, అంత మంచి పళ్ళు పెట్టుకుని దాచుకుంటావేం, చేయి తియ్యి అన్నాను. ఆ పిల్ల చేయి తీసింది. నవ్వు కూడా ఆగిపోయింది. మధ్యాహ్నం దేవకృపమ్మ మంచినీళ్ళ గ్లాసుతో స్టాఫ్ రూములోకి వచ్చి, ఆ పిల్లను ఏమనద్దని నన్ను బతిమాలింది.

"ఆ చెయ్యి ఆడ పెట్టింది నేను టీచరమ్మా. అదే ఎప్పుడో దిగితది, లేకుంటె లేదు. మనం దియ్యమనద్దు," అంది.

ఆమె ఇంకో అయిదేళ్ళు పనిచేసింది. ఏటా జూన్‌లో ఆ గదిలో కూర్చుని, ఒక్కొక్క బిడ్డనే పిలిచి, ముందు తన చేయి కడుక్కుని, తల్లి అనుమతి అడిగి, అప్పుడు అద్దం తీసేది. చూపు మందగించాక మేడమ్‌తో చెప్పి మానేసి, మెదక్‌లో ఉన్న చెల్లెలి కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్ళేముందు పాత చీటీల కట్ట నాకు అప్పగించింది. అందులో 1952వి తిరగేసి చూశాను. జాన్ బీ చీటీ ఉంది. ఆమె రాసిన మూడు ముక్కలూ అట్లాగే ఉన్నాయి. కొట్టేయలేదు, చింపేయలేదు. కింద వేరే సిరాతో, అదే చేతిరాతతో, 'ఇది అబద్ధం' అని రాసి, తన పేరు పూర్తిగా రాసి, తారీఖు వేసింది.